వెడల్పాటి బొమ్మ, చెరిగిన సంతకం

నూట ఇరవై డిగ్రీల మేర పరుచుకున్న దృశ్యాన్ని ఒకే ఫిల్ము ముక్క మీదికి తేవడం ఖరీదైన కోరిక. అందుకోసమే తయారైన లిన్‌హోఫ్ టెక్నోరామా, ఫూజీ జీఎక్స్617 వంటి కెమెరాలు ఎప్పుడూ కొద్దిమందికే అందుబాటులో ఉన్నాయి. ఫిల్ము మీద మక్కువ తీరనివారు ప్లైవుడ్డుతోనూ అట్టతోనూ బిస్కట్ల డబ్బాతోనూ వైడ్ యాంగిల్ కెమెరాలు సొంతంగా చేసుకోవడం అందువల్లే. ఈ పనిని పొదుపు కిందో కాలక్షేపం కిందో జమకట్టడం వాడుక. దానికి వేరే ప్రయోజనం కూడా ఉంది. కెమెరాను తన చేత్తో చేసినవాడికి, బొమ్మలో చేరిన ప్రతి డిగ్రీకీ ఎక్కడో ఒకచోట మూల్యం చెల్లించాలని తెలుస్తుంది. ఆ తెలివిడితో చూసినప్పుడు పాత ఛాయాచిత్రాలు కొత్త ప్రశ్నలు వేస్తాయి.

నేటి సౌదీ అరేబియా పడమటి భాగమైన హిజాజ్‌లో, 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో తీసిన మక్కా, మదీనా ఛాయాచిత్రాలు అలా చూడదగినవి. వాటిని గురించిన రచనలు సాధారణంగా ‘మొట్టమొదట తీసింది ఎవరు’, ‘కెమెరా ఎవరిది’ అన్న ప్రశ్నల దగ్గర ఆగిపోతాయి. కెమెరా చేసేవాడి కంటితో చూస్తే ఆ బొమ్మల విస్తృతికి మూలం పరికరంలో కంటే, నిలబడిన చోటులోనూ వేసిన అతుకులోనూ పనిచేసిన చేతిలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. చరిత్రలో చెరిగిపోయింది ఆ చేతి గుర్తే.

డబ్బా చెప్పే లెక్క

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి సూదిబెజ్జం కెమెరా పాత పరిచయమే. కొవ్వొత్తి మంట తలకిందులుగా కనిపించే ఆ అట్టపెట్టె బొమ్మ భౌతికశాస్త్ర పాఠంలో ఉండేది. ఆ సూత్రం చాలా పాతది. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్-హైతమ్, గ్రహణ సమయంలో సన్నని రంధ్రం గుండా పడే సూర్యబింబం నెలవంక ఆకారంలో ఎందుకు ఉంటుందో 11వ శతాబ్దంలోనే ఒక ప్రత్యేక గ్రంథంలో పరిశీలించాడు. తక్కువ ఖర్చుతో వైడ్ యాంగిల్ కెమెరా చేయదలచినవారు ఈ బెజ్జం దగ్గర మొదలుపెట్టడం సహేతుకం. కటకం పట్టే కోణం పెరిగినకొద్దీ దాని ధర పెరుగుతుంది. బెజ్జానికి అన్ని కోణాలూ ఒకటే ఖరీదు.

ఒక ఉదాహరణ చాలు. ఇప్పటికీ దొరికే 120 రకం రోలు ఫిల్ము మీద 56 మి.మీ. ఎత్తు, 168 మి.మీ. వెడల్పు ఉన్న చట్రాన్ని తీసుకుందాం. ఫిల్ముకు 50 మి.మీ. దూరంలో బెజ్జం పెడితే అడ్డంగా సుమారు 118 డిగ్రీల దృశ్యం పడుతుంది. బెజ్జం మరీ పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది, మరీ చిన్నదైతే కాంతి వివర్తనం చెంది మళ్ళీ అలుక్కుపోతుంది. ఆ దూరానికి తగిన మధ్యస్థమైన కొలత 0.3 మి.మీ. శీతలపానీయపు డబ్బా రేకు, ఒక సూది, గీతలు పడనంత సన్నని గరుకు కాగితం ఉంటే ఆ బెజ్జం తయారవుతుంది. అప్పుడు అది సుమారు ఎఫ్/160 అవుతుంది. కళ్ళు చెదిరే ఎండలో, 100 ఐఎస్ఓ ఫిల్ముకు ఎఫ్/16 దగ్గర సెకనులో నూరో వంతు సరిపోతుందన్నది ఫొటోగ్రాఫర్ల బండగుర్తు. ఎఫ్/160 దగ్గర దానికి నూరు రెట్లు, అంటే ఒక సెకను కావాలి. కాబట్టి రియాద్ ఎండలోనో జిద్దా తీరంలోనో ఈ కెమెరాకు షట్టరు యంత్రమే అక్కరలేదు. బెజ్జం మీద అంటించిన నల్ల టేపును ఎత్తి, ‘ఒకటి’ లెక్కపెట్టి, మళ్ళీ అంటిస్తే సరిపోతుంది. ఫిల్ము వెనుక కాగితం మీద తొమ్మిది సెంటీమీటర్ల చట్రాలకోసం అచ్చువేసిన అంకెల్లో 2, 4, 6, 8లను ఎర్రటి చిల్లులోంచి చూస్తూ తిప్పితే ఒక రోలుకు నాలుగు బొమ్మలు వస్తాయి.

మూల్యం చెల్లించవలసిన చోటు ఇక్కడే వస్తుంది. చదునైన ఫిల్ము మీద అంచులు బెజ్జానికి దూరంగా ఉంటాయి, కాంతి ఏటవాలుగా పడుతుంది, ఆ కోణం నుంచి బెజ్జం కూడా సన్నగా కనిపిస్తుంది. ఇవన్నీ కలిసి అంచు వెలుగు కోణపు కొసైన్ విలువ నాలుగో ఘాతంతో తగ్గుతుంది. పై లెక్కలో మధ్యలో పడిన వెలుగులో దాదాపు పదిహేనో వంతు మాత్రమే అంచులకు చేరుతుంది. ఈ చిక్కు డబ్బా కెమెరాలకే పరిమితం కాదు. 1900లో జర్మనీకి చెందిన గ్యోర్ట్స్ సంస్థ తెచ్చిన హైపర్గాన్ అనే అతివిశాల కటకానికి ముందు నక్షత్రాకారపు చిన్న పంకా ఉండేది. రబ్బరు బుడ్డి నొక్కి గాలితో దాన్ని తిప్పుతూ మధ్య వెలుగును కాసేపు అడ్డగించేవారు. అంచులు వెలగడానికి నడిమిని మరుగుపరచడం తప్ప వారికి వేరే దారి దొరకలేదు.

రెండో దారి ఫిల్మునే వంచడం. పదహారు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి బిస్కట్ల డబ్బాను నిలువునా రెండు చెక్కలు చేసి, ఒక చెక్క లోపలిగోడకు ఫిల్మును ఆనించి, బెజ్జాన్ని వృత్తకేంద్రంలో పెడితే ఫిల్ములోని ప్రతి భాగమూ బెజ్జానికి అడ్డంగా 80 మి.మీ. దూరంలోనే ఉంటుంది. అదే 168 మి.మీ. ఫిల్ము మీద అదే 120 డిగ్రీలు వస్తాయి. అంచుల వెలుగు మాత్రం పదిహేనో వంతుకు పడిపోకుండా సగం దగ్గర నిలుస్తుంది. 1899లో కొడాక్ సంస్థ అమ్మకానికి పెట్టిన పనోరామ్ కెమెరాలో కూడా ఫిల్ము వంపుగానే ఉండేది, కటకం అటునుంచి ఇటు తిరుగుతూ 142 డిగ్రీలు పట్టేది. ఈ పద్ధతికి చెల్లించే మూల్యం వేరు. నిటారైన గోడలు నిటారుగానే ఉంటాయి కాని, కంటి మట్టానికి పైనా కిందా అడ్డంగా సాగే సరళరేఖలు విల్లులా వంగుతాయి.

మూడో దారి కొత్త కెమెరా ఏదీ అడగదు. ఉన్న మామూలు కెమెరానే ఒకచోట నిలిపి, కొద్దికొద్దిగా తిప్పుతూ మూడు బొమ్మలు తీసి, పక్కపక్కన అతకడమే ఆ దారి. లెక్కలో చూస్తే ఇది మొదటి రెండింటికీ మధ్యస్థం. మూడు చదును ముక్కలు కలిసి ఒక విరిగిన వంపు అవుతాయి. ఒక్కొక్క ముక్క నలభై డిగ్రీలే పడుతుంది కనుక అంచుల్లో వెలుగు పెద్దగా తగ్గదు. అయితే అతుకు దగ్గర సరళరేఖ చటుక్కున విరుగుతుంది. రెండు ముక్కలకు మధ్య గడిచిన నిమిషాల్లో నీడ జరుగుతుంది, మనిషి కదులుతాడు.

కన్ను కూడా అతికేదే

అతికిన బొమ్మను ‘అసలైన’ విశాలదృశ్యం కాదని తక్కువచేయడం విమర్శలో తరచు కనిపిస్తుంది. ఆ అభ్యంతరం కంటి శరీరధర్మం ముందు నిలవదు. రెటినా వంపు తిరిగిన పొర. బిస్కట్ల డబ్బాలోని ఫిల్ముకూ దానికీ పోలిక యాదృచ్ఛికం కాదు. ఒక్కో కంటికి అడ్డంగా సుమారు 150 డిగ్రీల మేర దృష్టిక్షేత్రం ఉంటుంది. అందులో అక్షరం చదవగలిగినంత స్పష్టత మాత్రం నడుమ ఉన్న రెండు డిగ్రీల మేరకే. చాచిన చేతి బొటనవేలి గోరు ఆక్రమించే చోటు దాదాపు అంతే. కన్ను సెకనుకు మూడుసార్లకు పైగా ఒకచోటి నుంచి ఇంకొకచోటికి దూకుతుంది, ఆ దూకుళ్ళ మధ్య కలిగే మసకను మెదడు లెక్కలోకి రానివ్వదు. ‘ఒక్క చూపులో’ కనబడిందనుకున్న లోయ నిజానికి అనేక చూపుల కుట్టుపని. ఆ కుట్టు కనిపించకుండా చేయడం మెదడు అలవాటు. అతికిన ఫొటోలో కుట్టు పైకి కనబడుతుంది. చూపు ఎలా పనిచేస్తుందో ఆ బొమ్మ దాచిపెట్టలేదన్నమాట.

హిజాజ్ తొలి విశాలదృశ్యాలను ఈ వెలుగులో చూడాలి. కైరోలో పుట్టి పారిస్‌లో చదువుకున్న ఈజిప్టు సైనిక ఇంజనీరు ముహమ్మద్ సాదిక్ బే 1861లో ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న అల్-వజ్హ్ నుంచి మదీనాకు దారి సర్వే చేస్తూ వెళ్ళి, ఆ నగరాన్ని మొదటిసారి ఫొటో తీశాడు. 1880లో ఈజిప్టు నుంచి వెళ్ళే మహ్‌మల్ యాత్రాబృందానికి కోశాధికారిగా మళ్ళీ వచ్చి మక్కాను కూడా తీశాడు. ఆ చిత్రాలకు 1881లో వెనిస్ భూగోళశాస్త్ర సదస్సులో బంగారు పతకం వచ్చింది. పక్కపక్క ప్లేట్లను అతికి చేసిన విశాలదృశ్యాలు ఆయన కృషిలో ముఖ్యభాగం.

1861 నాటి పద్ధతి తడి కొలోడియన్‌ది. గాజుపలక మీద రసాయనం పూసి, వెండి ద్రావణంలో ముంచి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటి గుడారంలో డెవలప్ చేయాలి. ఇంత పనికీ చేతిలో ఉండే వ్యవధి నిమిషాల్లోనే. ఎడారి వేడి ఆ వ్యవధిని మరింత తగ్గిస్తుంది. ఒక అతికిన దృశ్యానికి ఈ తతంగమంతా ప్రతి ముక్కకూ మళ్ళీ చేయాలి. మొదటి ముక్కకూ చివరి ముక్కకూ మధ్య వెలుగు మారకూడదు, కెమెరా కాలు కదలకూడదు, మట్టం తప్పకూడదు. సర్వే చేసేవాడి క్రమశిక్షణ లేకపోతే ఆ బొమ్మ రాదు. సాదిక్ బే బొమ్మల్లో కనిపించే ప్రశాంతతకు సౌందర్యదృష్టి ఒక్కటే కారణం కాదు. మట్టం చూసి, కోణం లెక్కగట్టి, ముక్కకూ ముక్కకూ ఎంత పొరలాలో ముందే నిర్ణయించుకున్న ఇంజనీరు పనితనం అందులో ఉంది.

నిలబడిన చోటు సంగతి కూడా అంతే ముఖ్యం. మక్కా కొండల నడుమ ఉన్న ఇరుకైన లోయ. హరమ్ మసీదు ఆవరణను పూర్తిగా చూపాలంటే అబూ కుబైస్ వంటి ఎత్తు ఎక్కాలి. ఎత్తు మీది నుంచి చూసినప్పుడు ఆవరణ కిందికి వాలి, చట్రంలో ఒదుగుతుంది. ఎంత ఖరీదైన కటకమైనా కింద నిలబడితే దగ్గరి స్తంభాలను సాగదీసి చూపుతుందే తప్ప కొండకూ మసీదుకూ ఇళ్ళకూ ఉన్న సంబంధాన్ని చూపలేదు. ఈ చోట్లు శాశ్వతం కావు. హరమ్‌ను చూస్తూ కొండ మీద నిలిచిన ఆటోమన్ కాలపు అజ్యాద్ కోటను 2002లో పడగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు 601 మీటర్ల గడియారపు గోపురంతో భవన సముదాయం ఉంది. నాటి ఫొటోలు నగరంతో పాటు, నగరాన్ని ఏ ఎత్తు నుంచి చూడగలిగేవారో కూడా భద్రపరిచాయి.

వైద్యుడి చేతులు

సాదిక్ బే పేరు చరిత్రలో నిలిచింది. ఆయన తరవాత మక్కాలో కెమెరా పట్టిన మనిషి కథ వేరు.

డచ్చి పండితుడు క్రిస్టియాన్ స్నూక్ హుర్‌గ్రోనియె 1885 ఫిబ్రవరిలో కెమెరాతో సహా మక్కాలో ప్రవేశించాడు. ముస్లిమేతరులకు అక్కడ ప్రవేశం లేదు. ఆయన ఇస్లాం స్వీకరించినట్టు ప్రకటించుకుని అబ్దుల్ గఫ్ఫార్ అనే పేరుతో ఉన్నాడు. ఆ ఏడు ఆగస్టులో అధికారులు వెళ్ళిపొమ్మని ఆదేశించడంతో నగరం విడిచాడు. మక్కాలోనే ఉన్న ఒక స్థానిక వైద్యుడు ఆ తరవాత కూడా ఫొటోలు తీసి, జిద్దాలోని డచ్చి కాన్సులేట్ ద్వారా ఆయనకు పంపుతూ వచ్చాడు. ఆ వైద్యుడి పేరు సయ్యద్ అబ్దుల్ గఫ్ఫార్. మక్కాకు చెందిన తొలి ఫొటోగ్రాఫరుగా నేడు గుర్తిస్తున్నది ఆయననే. పండితుడూ వైద్యుడూ ఒకే పేరుతో ఉండటం తరవాతి గందరగోళానికి తోడ్పడింది.

ఈ వైద్యుడు ఎటువంటివాడో స్నూక్ రాతల్లోనే తెలుస్తుంది. వైద్యంతో పాటు గడియారాలు, తుపాకులు బాగుచేసేవాడు, సుగంధ తైలాలు దించేవాడు, వెండి బంగారాలు కరిగించేవాడు. చదివేవారు దీన్ని ఒక విచిత్ర వ్యక్తి వర్ణనగా దాటవేయవచ్చు. కెమెరా చేసే అలవాటున్నవారు అలా దాటవేయలేరు. 1880లలో ఫొటోగ్రఫీకి కావలసిన నైపుణ్యాల పట్టిక దాదాపు ఇదే. నెగటివులో పనిచేసేది వెండి లవణం. అచ్చుకు నిలకడా రంగూ ఇచ్చేది బంగారు క్లోరైడు. శుద్ధమైన నీటికోసం బట్టీ పట్టడం తెలియాలి. షట్టరు స్ప్రింగు చెడితే గడియారం బాగుచేసే చెయ్యే దిక్కు. మోతాదు తప్పకుండా మందు కలిపే వైద్యుడికి డెవలపర్ కలపడం పరాయి విద్య కాదు. విడిభాగాలు అమ్మే దుకాణమేదీ లేని ఊళ్ళో కెమెరా ఏళ్ళ తరబడి పనిచేసిందంటే, దాన్ని పనిచేయించగల మనిషి అక్కడ ఉండాలి. ఆ వైద్యుడికి ఫొటోగ్రఫీ ‘నేర్పాను’ అని స్నూక్ చెప్పినదాంట్లో నిజం ఉండవచ్చు. అయినా పరికరం వాడుక చూపించడం ఒకటి, ఆ విద్యకు కావలసిన సరంజామానంతా అప్పటికే చేతుల్లో పెట్టుకుని ఉండటం వేరొకటి.

అబ్దుల్ గఫ్ఫార్ తన ఫొటోల మీద అందమైన అరబీ లిపిలో సంతకం చేసేవాడు. ఆ రాతలో ‘ఫొటోగ్రఫీ’ అన్న మాట, తన పేరు, ‘మక్కా వైద్యుడు’ అన్న గుర్తింపు, పక్కన వరస సంఖ్య ఉండేవి. మోజుకొద్దీ బొమ్మలు తీసేవాడు వరస సంఖ్య వేయడు. అది తన పనిని ఒక కృషిగా భావించినవాడి లక్షణం. 1889లో లైడెన్ నగరంలో ‘బిల్డర్ ఔస్ మెక్కా’ అన్న చిత్రసంపుటి వెలువడింది. సంతకాలను చెరిపి ఆ ఫొటోలను అందులో అచ్చువేశారు. ముందుమాటలో మక్కాలోని ఒక వైద్యుడి ప్రస్తావన ఉంది, పేరు లేదు. అట్ట మీద ఉన్నది స్నూక్ పేరు.

రక్షణ అన్న సమర్థన

ఇందుకు చెప్పదగిన సమర్థన ఒకటి ఉంది. నగరం విడిచిపొమ్మని ఆదేశం అందుకున్న ఐరోపీయుడితో ఉత్తరప్రత్యుత్తరాలు నడపడం మక్కా పౌరుడికి ప్రమాదకరం, కనుక పేరు దాచడం ఆయన రక్షణకే అన్నది ఆ వాదం. అది తోసిపుచ్చదగినది కాదు, కాని పరీక్షకు నిలవదు. మక్కా వైద్యుడు అని ముందుమాటలో చెప్పాక, ఆ చిన్న నగరంలో ఫొటోలు తీసే వైద్యుడెవరో అక్కడివారికి తెలియకుండా ఉంటుందా? పైగా ఆయన రహస్యంగా తీయలేదు. మక్కా షరీఫు ఔన్ అర్-రఫీఖ్‌నే కెమెరా ముందు కూర్చోబెట్టినవాడు. తన బొమ్మ మీద తానే పేరు రాసుకున్నవాడు. మక్కా పాలకుడికి తెలిసిన ఆ పేరు లైడెన్ పాఠకుడికి తెలియలేదు.

సంతకం చెరపడాన్ని బొమ్మ విస్తృతితో కలిపి ఆలోచించాలి. బొమ్మ ఎంత వెడల్పైతే తీసినవాడి ఉనికి అంత మరుగున పడుతుంది. చిత్తరువులో కూర్చున్న మనిషి కళ్ళు కెమెరా వెనుక ఉన్నవాడిని చూస్తాయి, అక్కడ ఇంకొకరు ఉన్నట్టు మనకు తెలుస్తుంది. కొండ మీది నుంచి తీసిన నగరదృశ్యంలో ఎవరూ ఎవరినీ చూడరు. నగరం తనంతట తానే పరుచుకున్నట్టు ఉంటుంది. అటువంటి బొమ్మలో తీసినవాడికి మిగిలే గుర్తులు రెండే, అతుకూ సంతకమూ. ఆ రెండూ పోతే బొమ్మ ఎవరి పుస్తకంలో ఉంటే వారిదైపోతుంది.

ఆ కాలంలో ఫొటోగ్రాఫరు పేరుకు విలువ లేదనుకోవడానికి కూడా వీల్లేదు. అదే దశాబ్దంలో హైదరాబాదు చరిత్ర వేరే సంగతి చెబుతుంది. సాదిక్ బే లాగే ఇంజనీరింగు చదువు నుంచి ఫొటోగ్రఫీకి వచ్చిన లాలా దీన్‌దయాళ్, రూర్కీలో చదివి, ఇందోరులో పనిచేసి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా నియమించి, ముసవ్విర్ జంగ్ అని బిరుదునిచ్చాడు. ఆ సంస్థానం నుంచి హజ్‌కు వెళ్ళిన యాత్రికులు మక్కాలో నిజాముల పేరిట ఏర్పడిన రుబాత్‌లలో బస చేసేవారు. అంటే హైదరాబాదూ మక్కా ఒకదానికొకటి తెలియని లోకాలు కావు. ఒక నగరంలో ఫొటోగ్రాఫరు పేరు బిరుదుగా మారుతున్న ఏళ్ళలోనే, ఇంకొక నగరపు ఫొటోగ్రాఫరు పేరు సముద్రం దాటే సరికి చెరిగిపోయింది. పరికరమూ విద్యా రెండుచోట్లా ఒకటే. ప్రచురణ ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

చూసేవారి బాధ్యత

ఇటీవలి గ్రంథాలయ పట్టికలూ చిత్రసంపుటాలూ అబ్దుల్ గఫ్ఫార్ పేరును తిరిగి చేరుస్తున్నాయి. ఇది మేలైన మార్పు. అయినా ‘స్నూక్ ఫొటోలు’ అన్న వాడుక పోలేదు. సేకరించినవాడి పేరూ తీసినవాడి పేరూ వేరువేరుగా రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది. గ్రంథసూచికలో ఆ తేడా లేకపోతే, తరవాతి పరిశోధన అంతా యజమాని చుట్టూనే తిరుగుతుంది. కొన్ని ప్లేట్లు నిజంగానే స్నూక్ తీసినవి. ఏవి ఎవరివో తేల్చడానికి కూడా చేతిపని తెలిసిన కన్ను కావాలి. తేదీలతో పాటు కెమెరా ఎత్తు, ఎంచుకున్న చోటు, చట్రం అమరిక, సంతకం గీకిన జాడ కూడా సాక్ష్యాలే.

ఈనాడు గల్ఫ్‌లో పనిచేసే ఏ తెలుగువాడి జేబులోనైనా పనోరమా తీయగల ఫోను ఉంది. అది డజన్లకొద్దీ ముక్కలను తీసి, అతికి, అతుకు కనిపించకుండా చెరిపి, సెకన్లలో చేతికిస్తుంది. సౌకర్యంగా కాదనలేం. కాని చెల్లించిన మూల్యం ఏమిటో అది చెప్పదు. కిటికీల వరస ఎందుకు వంగిందో, నడుస్తున్న మనిషికి ఒక కాలు ఎందుకు మాయమైందో వాడేవాడికి తెలియదు. బిస్కట్ల డబ్బా కెమెరా ఆ లెక్కను కళ్ళముందు పెడుతుంది. అంచు చీకటైతే ఎందుకైందో తెలుస్తుంది, గీత వంగితే ఎవరు వంచారో తెలుస్తుంది. నాలుగు బొమ్మలకే రోలు అయిపోతుంది కనుక ఎక్కడ నిలబడాలో ముందే ఆలోచించవలసి వస్తుంది.

అటువంటి కెమెరాతో కొన్నాళ్ళు పనిచేసినవారు ఏ విశాలదృశ్యాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేస్తారు. ఎక్కడ నిలబడి తీశారు? ఎక్కడ అతికారు? ఎవరు చేశారు? మక్కా ఫొటోల విషయంలో మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు బొమ్మలోనే ఉంది. మూడోదాని జవాబు కూడా ఒకప్పుడు బొమ్మలోనే ఉండేది, అరబీ లిపిలో, వరస సంఖ్యతో సహా.